నిండిన పీపా

మా ఎస్టేటు వైను వాసన తగిలి, శవపేటికలో పడుకున్న ఫాదరీగారు లేచి కూర్చుని "అక్రోట్లు ఏవిరా?" అని అడిగారని మా తాత చెప్పేవాడు. ఆ పేటిక మేకులు నేను చూశాను. నమ్మకపోతే మీ ఖర్మ.

ఫ్రాన్సులోని మా జూరా కొండసీమలో పసుపు వైనుకు నియమం ఒకటే. పీపాలో పోశాక ఆరేళ్ల మూడు నెలలు ముట్టుకోకూడదు. అది తరుగుతుంది, తరగనివ్వాలి. ఆ ఖాళీలో వైను మీద మీగడలాంటి తెర కడుతుంది. గాలి తగిలి పులిసిపోకుండా వైనును కాపాడేదీ, దానికి అక్రోటు రుచినిచ్చేదీ ఆ తెరే.

వరసగా మూడు వసంతాలు మంచు చిగుళ్లను మాడ్చేశాక, మా వదిన ఎర్మాన్స్‌కు అలాంటి పీపా ఒక్కటే మిగిలింది. దానికి అయిదేళ్లు నిండాయి. నాలుగు తరాలుగా తెగని మా పసుపు వైను వరస ఇప్పుడు ఆ చెక్కల మధ్యే ఉంది.

మేమిద్దరం చుట్టాల పెళ్లికి వెళ్తూ ఇల్లు ఆమె అల్లుడు తిబోకు అప్పగించాం. అతనిది మా పక్కనున్న మరో వైను సీమ, బర్గండీ. అక్కడ శనివారం శనివారం పీపాలు అంచుదాకా నింపని ఇంటికి పిల్లనివ్వరు.

తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చాడు, మొహం వెలిగిపోతూ.

"అత్తయ్యా, మీ పెద్ద పీపా జానెడు తరిగిపోయింది, ఎవరూ చూసినట్టు లేరు! కొత్త వైనుతో అంచుదాకా నింపేశాను."

ఎర్మాన్స్ టోపీ తియ్యబోయిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నెమ్మదిగా, గరాటుతో పోశావా నాయనా?" అన్నాను, ఏ మూలో ఆశతో.

"గరాటు కనపడలేదు చిన్నమామా. బకెట్టుతోనే కుమ్మరించా."

నేలమాళిగలోకి పరుగెత్తాం. బిరడా తీసి దీపం పెడితే, తెల్లటి పేలికలు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. పోసినంతా గొట్టంతో తోడేశాం. తెరను ఎవరు కుట్టగలరు?

"మళ్లీ కడుతుందా?" అంది వదిన.

"కడితే కడుతుంది. లేకపోతే వెనిగరే."

"ప్రతిదానికీ నీ దగ్గర ఓ కథ ఉంటుందిగా మరిదీ. దీనికీ ఒకటి చెప్పు."

నేను బిరడా బిగించి, దీపం తీసుకుని మెట్లెక్కాను.

విషయం తెలిసి తిబో పాలిపోయాడు. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదయ్యా. మా ఇంట్లో పనంటే అదే. ఇంకా పదిహేను నెలలు," అంది ఎర్మాన్స్.

అప్పట్నించీ ప్రతి శనివారం పొద్దున్నే బర్గండీ నుంచి వచ్చి, ఆ పీపా ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాడు. అతని వెనక ఎర్మాన్స్. ఆమె వెనక నేను. బిరడా తీసి చూడాలని ముగ్గురికీ ఉంటుంది. తెర కట్టడం మొదలై ఉంటే, చూడబోయి చెదరగొడతామేమోనని ఎవరమూ చెయ్యి చాపం.