గ్రూపులోకెక్కిన మా పాలు

మా రుగోంగి కొండ మీద మగవాణ్ణి ఏమైనా అడగొచ్చు. పెళ్ళాం ఎందుకు అలిగి పుట్టింటికి పోయిందని అడగొచ్చు, నిన్న ఎంత తాగాడని అడగొచ్చు. ఆవులెన్ని ఉన్నాయని మాత్రం అడగకూడదు. అడిగినవాడు దొంగైనా అయ్యుండాలి, పన్నులవాడైనా అయ్యుండాలి. నా మందలో ప్రతి ఆవునూ పేరు పెట్టి పిలుస్తాను, దాని ముత్తవ్వ పేరూ చెబుతాను. లెక్క చెప్పమంటే మాత్రం నాకు నోరు పెగలదు.

అలాంటి కొండకు పాలకేంద్రం మేనేజరుగా కొబుసింగే వచ్చింది. పక్క కొండ పిల్లే. చిన్నప్పుడే కంపాలాలో చదువుకు పోయి అక్కడే పెరిగింది. ఇదే మొదటి ఉద్యోగం. వచ్చిన రోజే రుజుంబా ఆమె మీద పడ్డాడు. వాడు మా పొరుగువాడు, గొంతు వింటే కొంగలు లేచిపోతాయి.

"కాటాలో మోసం ఉంది! నా పాలు ఇంట్లో ఒక తూకం, ఇక్కడ ఒక తూకం!"

"దారిలో నువ్వు తాగింది తీసేశావా?" అన్నాను.

ఆ పిల్ల నవ్వలేదు. సాయంత్రానికల్లా మా అందరి ఫోన్లలో వాట్సాప్ గ్రూపు పెట్టేసింది. ఎవరి క్యాన్లు ఎన్ని లీటర్లు తూగాయో ఫొటో తీసి అందులో పెడుతుందట. ఇక ఏ అనుమానమూ ఉండదట.

"అమ్మాయ్, మా ఇంటి దగ్గర చెదపుట్ట ఎక్కితే తప్ప సిగ్నలు రాదు."

"ఎక్కండి తాతా. ఒళ్ళు కాస్త కదులుతుంది."

ఎక్కాను. నేనొక్కణ్ణే కాదు, మా వైపు ఇళ్ళవాళ్ళంతా ఎక్కారు. తొక్కిడి భరించలేక చెదలు పిల్లాజెల్లాతో పక్క పుట్టకు కాపురం మార్చేశాయి. ఇక పాలు పితికే వేళ జేబులో ఆ ఫోను టింగుమంటే చాలు, మా బిహోగో ఆవు ఎగచేపేది. ఎంత బతిమాలినా చుక్క రాలేది కాదు.

అయినా అవన్నీ సర్దుకునే బాధలు. అసలు ముప్పు ఆ ఫొటోలతోనే వచ్చింది. పాల లెక్క తెలిస్తే ఆవుల లెక్క కట్టడం మా కొండ మీద గాడిదక్కూడా తెలుసు. కాటా గురించి అరిచిన రుజుంబా ఇంటికే ముందుగా బావమరిది దిగాడు, కొడుకు పెళ్ళికి ఆడపిల్లవాళ్ళకివ్వడానికి పెయ్యదూడ కావాలని.

"పాలు అన్నేసి పోస్తున్నావుగా బావా, ఒక్క పెయ్య నీకు లెక్కా?"

మర్నాడు రుజుంబా కేంద్రానికి రాలేదు. సైకిలు మీద తిరిగి పాలు కొనేవాడికి దొడ్డిదారిన పోసేశాడు. ఆ మర్నాడు ఇంకొందరు అదే పని చేశారు. వచ్చినవాళ్ళు కూడా జబ్బుపడ్డ మొహాలతో సగం క్యాను తెచ్చి, ఆవులన్నీ ఎండిపోయాయని ఫొటోకు నిలబడేవారు.

కొబుసింగే ఖాళీ స్టీలు ట్యాంకు పక్కన కూలబడింది. డెయిరీ కంపెనీవాళ్ళు ఫోన్ చేశారట. శనివారానికి ట్యాంకులో సగమైనా పాలు లేకపోతే ట్యాంకరు మా కొండెక్కదట. అంటే కేంద్రానికి తాళం, ఆ పిల్లకు ఇంటిదారి.

"కాటా కళ్ళముందు పెట్టాను కదా తాతా. ఏం దాచాను? ఎందుకు రావడం లేదు?"

ఊరికే చెబితే నాకు ఏం సరదా? పుట్టెక్కి, గొంతు రికార్డు చేసి గ్రూపులో వదిలాను. "మేనేజరమ్మగారూ, మీ నాన్నగారికి ఆవులెన్నో ఒక ఫొటో పెట్టండమ్మా, చూసి తరిస్తాం."

ఆ పిల్ల ఏదో రాస్తున్నట్టు కనిపించేది, ఆగిపోయేది. అంతలో మా కేంద్రంలోనే పాలు పోసే వాళ్ళ నాన్న గొంతే గ్రూపులో వచ్చిపడింది. వెనకాల ఆవుల అరుపులు.

"ఎవడ్రా అది! నా ఆవులతో నీకేం పనిరా ముసలాడా! అమ్మాయ్, ఒక్క అంకె బయటికొచ్చిందా, ఇంట్లో గ్లాసు పాలు కూడా పుట్టవు నీకు!"

కొబుసింగే ఆ రోజే ఫొటోలన్నీ తీసేసింది. ఎవరి లెక్క వాళ్ళ ఫోనుకే విడిగా పంపుతానని గొంతు పెట్టింది. కాటాను కూడా గోడవైపు తిప్పేసింది. పాలు పోసేవాడికి తప్ప వెనక నిలబడ్డవాడికి ముల్లు కనబడదు.

"గ్రూపు ఉంటుంది. ట్యాంకరు వేళలకీ, తప్పిపోయిన దూడలకీ. పాలు పితికే వేళ అందులో ఎవరూ మాట్లాడకూడదు. నేను కూడా," అంది.

శుక్రవారానికి కొందరు తిరిగొచ్చారు. రుజుంబా రాలేదు. పైగా కుండపోత వాన. చీకటిపడేవేళ ట్యాంకరు డ్రైవరు సెంపా గొంతు గ్రూపులోకి వచ్చింది. "వంక పొంగుతోందయ్యా. రేపు మధ్యాహ్నానికి వంతెన ఉండదు. తెల్లవారగానే వస్తా, పోసేవాళ్ళు ముందే పోసేయండి."

ఆ కబురు గ్రూపులో రాకపోతే మేమంతా ఎప్పటిలాగే ఎండెక్కాక దిగేవాళ్ళం, అప్పటికి ట్యాంకరు వెళ్ళిపోయేది. శనివారం తెల్లవారుజామున బురదలో క్యాన్లు మోసుకుంటూ కొండ కొండంతా కదిలింది. అందరికన్నా వెనక రుజుంబా, రెండు భుజాలకూ క్యాన్లతో. కాటా ముల్లును ఒంటరిగా చాలాసేపు చూసుకున్నాడు. ఏమీ అనలేదు. వాడు ఏమీ అనకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

సెంపా మూత తెరిచి వంగి చూశాడు. "సగమన్నారు, ఇది మూతి దాకా ఉందే!"

కొబుసింగే ఫోను తీసింది. క్యూలో అందరూ బిగుసుకుపోయారు. ఆ పిల్ల ఆగి మా వైపు తిరిగింది.

"ట్యాంకుని తియ్యొచ్చా? దీన్ని చూసి ఎవరివి ఎన్నో నేను కూడా చెప్పలేను."

రుజుంబా మీసం తుడుచుకుని ట్యాంకు పక్కకు వెళ్ళి నిలబడ్డాడు.

"తియ్యి," అన్నాడు. "నా మొహం పూర్తిగా పడేట్టు తియ్యి."