రెండువందల పదమూడో కార్డు

ఆ వాక్యం కింద వేలు పెట్టి పెన్సిలుగారు మరోసారి చదివారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, చేతిలోని అట్టకార్డు మీద చిన్న అక్షరాలతో రాశారు: "పట్టిక మొత్తం వాడుకున్నారు. తయారుచేసినామె పేరు లేదు." కార్డుని కుడివైపు దొంతరలో పెట్టి, ఎడమవైపు దొంతరలోంచి ఇంకో వ్యాసం తీసుకున్నారు. గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. కమిటీ నాలుగింటికి.

పరిశోధన సంస్థ లైబ్రరీలో, మెట్ల కింద, తలుపు సరిగా మూతపడని గది ఆయనది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా అక్కడే. ఒక శాస్త్రవేత్త రాసిన వ్యాసాన్ని తర్వాత ఎంతమంది తమ వ్యాసాల్లో ప్రస్తావించారో లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. ఆ అంకెను బట్టే ఎవరికి ప్రమోషనో, ఎవరికి కొత్త యంత్రమో, ఎవరికి కిటికీ ఉన్న గదో తేలుతుంది. ఒకప్పుడు ఇటుకల్లాంటి సూచీ పుస్తకాలు తిరగేసి లెక్క తేల్చేవారు. ఇప్పుడా పని కంప్యూటరు నిమిషంలో చేస్తుంది. మరి ఈయనెందుకంటే, ఆ కుర్చీ తీసేయాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు, అంతే.

మనిషి సన్నం. మెడ ఎప్పుడూ ఎడమవైపుకి కాస్త వాలి ఉంటుంది, పక్కవాళ్ళ పేపరు చదువుతున్నట్టు. కుడిచేతి మధ్యవేలి మీద శనగగింజంత కాయ. చొక్కా చేతి అంచు పెన్సిలు మసి అంటి నల్లగా మెరుస్తుంది. వాళ్ళావిడ ఎంత ఉతికినా పోదు. పెన్సిలు గోరంత అయ్యేదాకా పారేయరు. మరీ పొట్టిదైతే పాత కాగితం చుట్టి తొడుగు చేసి పొడుగు పెంచుకుంటారు, ఆలోచన వస్తే ఆ తొడుగే కొరుకుతారు. అందుకే ఆ పేరు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు.

కంప్యూటరు ఇచ్చిన అంకెను కాగితం మీదికి ఎక్కించి ఊరుకోవచ్చు. ఊరుకోరు. ప్రస్తావించిన ప్రతి వ్యాసాన్నీ తెరిచి, ఆ పేరు వచ్చిన వాక్యం చదువుతారు. పొగిడారా, వాడుకున్నారా, తప్పుపట్టారా, మాటవరసకి అన్నారా? ఒక్కోదానికీ ఒక కార్డు. ఓసారి ఒక పెద్ద శాస్త్రవేత్తకి రెండువందల ప్రస్తావనలు వచ్చాయని సంస్థంతా మిఠాయి పంచుకుంటుంటే, ఈయన ఆ అంకె కింద రాశారు: "ఇందులో అరవై ఒకటి, ఆయన తన గురించి తానే చెప్పుకున్నవి. నలభై, ఆయన చెప్పింది తప్పని చెప్పినవి." ఆ పెద్దాయన నాలుగేళ్ళపాటు ఈయన ఎదురైతే గోడకేసి చూస్తూ నడిచాడు. ఈయన మాత్రం రోజూ నమస్కారం పెడుతూనే ఉన్నారు. ఇలాంటి మనిషిని మెచ్చుకోకుండా ఉండటం నావల్ల కాదు.

పదింటికి మట్టి మేడమ్ వచ్చింది. ఏ నేల ఎంత నీటిని ఎన్నాళ్ళు పట్టి ఉంచుతుందో చూడటం ఆమె పరిశోధన. వెనక షెడ్డులో అరవై కుండీల మట్టిని ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున్నే తూకం వేస్తోంది. తన పెళ్ళిరోజున కూడా తూచే వెళ్ళిందని అంటారు. అయిదేళ్ళలో పాతిక ప్రస్తావనలైనా రానివాళ్ళ ప్రయోగశాలలు మూసేయాలని ఈ ఏడు కొత్త నిబంధన పెట్టారు. మూస్తే కుండీలు బయటికి. ఒక్క వారం తూకం తప్పిందా, ఎనిమిదేళ్ళ కష్టమూ వృథా.

తిరిగివ్వాల్సిన లైబ్రరీ పుస్తకం బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"పదకొండేనటగా, బాబాయిగారూ?"

ఆయన చెయ్యి దానంతటదే జరిగి కార్డుల దొంతరకి అడ్డం పడింది. కమిటీకి ముందు కార్డుల సంగతి ఆ లెక్కలో ఉన్నవాళ్ళకి చెప్పకూడదు.

"అవునమ్మా. పదకొండే."

"ఇంకో రెండేళ్ళు ఇస్తే చాలు. ఇప్పుడిప్పుడే కుండీల అంకెలు ఒక దారికి వస్తున్నాయి." నవ్వబోయింది, కుదరలేదు. "పోనీలెండి, మీరు మాత్రం ఏం చేస్తారు? ఉన్నది ఉన్నట్టు రాస్తారు."

"టీ తాగి వెళ్ళమ్మా," అన్నారాయన. ఆమె తాగకుండానే వెళ్ళిపోయింది.

బల్ల మీదున్న ఆ కార్డులన్నీ తన గురించేనని ఆమెకి తెలియదు. మూడు వారాల కిందట ఎవరో కాలువల గురించి రాసిన వ్యాసం చదువుతుంటే, ఒక పట్టికలో ముప్పయ్యేడు పాయింటు నాలుగు కనబడి ఆయన పెన్సిలు ఆగిపోయింది. మొహాలు మర్చిపోతారు గానీ, ఒకసారి చూసిన అంకెను ఆయన మర్చిపోరు. అది మట్టి మేడమ్ పట్టికలో నాలుగో వరస. వ్యాసంలో మాత్రం ఆమె ఊసే లేదు, ఒక లావుపాటి చేతిపుస్తకం పేరుంది. అరలోంచి ఆ పుస్తకం దించి చూస్తే, ఆమె పట్టిక ఉన్నదున్నట్టు అచ్చయి ఉంది. దాని కింద చీమతలకాయంత అక్షరాల్లో ఆమె పేరూ ఉంది. పాపం పుస్తకం వేసినవాళ్ళు దొంగలేం కాదు. చదివినవాళ్ళే అంత కిందికి చూడలేదు. అందరూ పుస్తకం పేరు చెప్పేసి ఊరుకున్నారు, కంప్యూటరు ఆ లెక్కంతా పుస్తకానికే రాసేసింది.

అప్పట్నుంచి ఆ చేతిపుస్తకాన్ని ప్రస్తావించిన తొమ్మిదివందల పైచిలుకు వ్యాసాలనీ ఒక్కొక్కటే తెరిచి, ఆమె పట్టికను వాడుకున్నవేవో ఏరుతున్నారు. మధ్యాహ్నాలు భోజనానికి కూడా లేవలేదు. నిండు డబ్బా నిండుగానే ఇంటికి మోసుకెళ్ళి వాళ్ళావిడ చేత చివాట్లు తిన్నారు.

రెండున్నరకి రెండువందల పన్నెండు కార్డులయ్యాయి. ఇంకొక్కటే మిగిలింది. ఆ వ్యాసంలో పుస్తకం పేరుంది, ఏ పేజీయో లేదు. మూడు అంకెలున్నాయి; ఆమెవాటికి దగ్గరగా ఉన్నాయి, అచ్చంగా అవే కావు. తొడుగు కొరుకుతూ కూర్చుండిపోయారు.

కంప్యూటరు సెక్షన్ అమ్మాయి తలుపులోంచి తొంగిచూసింది. ఈ మూడు వారాలూ వ్యాసాలు తీసిచ్చింది ఆమే.

"ఇంకా ఆలోచనేంటి సార్? ఇదీ వేసేయండి. అసలు పదకొండు కొట్టేసి, ఇవన్నీ కలిపి కమిటీ ఫారం గడిలో వేసేస్తే పీడా పోతుంది కదా!"

"గడిలో అడిగింది ఆవిడ పేరు చెప్పినవాళ్ళ లెక్క. చెప్పింది పదకొండుమందే."

"మరి ఆవిడ పనైపోతే?"

ఆయన ఆ చివరి కార్డు మీద ఏదో రాసి, చొక్కా జేబులో పెన్సిలు పక్కన పెట్టుకున్నారు. మిగిలినవాటికి పురికొస కట్టి పైకి వెళ్ళారు.

డైరెక్టరు ఆ కట్టని ఎగాదిగా చూశాడు.

"ఏంటండీ ఇదంతా? నేనడిగింది ఒక్క అంకె."

"అంకె రాశాను సార్, పదకొండు. ఆవిడ పట్టిక వాడుకున్న మిగతావాళ్ళు ఎక్కడ ఆగిపోయారో ఇందులో ఉంది." ఇన్నేళ్ళలో పై అంతస్తులో ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదలు. "ఒకసారి చూడండి సార్. ఒక్క పది చూసినా చాలు."

కిందికొచ్చి, డబ్బా తెరిచి, మెతుకు మిగల్చకుండా తిన్నారు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి వాళ్ళావిడ మిషను ముందుంది. ఇంట్లోనే బట్టలు కుడుతుందావిడ. డబ్బా చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"సూర్యుడు పడమట పొడిచాడా ఏమిటి ఇవాళ?"

ఆయన నవ్వి, మిషను పక్కనున్న పేము కుర్చీలో కూర్చున్నారు. "ఆ పిల్ల సంగతేమైందో రేపు పొద్దున తెలుస్తుంది," అన్నారు. ఆవిడ చక్రం తిప్పుతూ, జాకెట్టు రెండుసార్లు బిగించమని మళ్ళీ వదులు చేయమన్న ఎదురింటావిడ గురించి చెప్పింది. చెబుతూ చెబుతూ దారం తెగితే ఎక్కించింది. "వింటున్నారా?" అంది. మెడ ఎప్పట్లాగే ఎడమవైపుకి వాలి ఉండటంతో ఆవిడకి వెంటనే తెలియలేదు.

కమిటీలో ఒకాయన ఆ కార్డుల్ని నమ్మలేదట. కట్ట మధ్యలోంచి తనకి తోచిన పది లాగి, అసలు వ్యాసాలు తెప్పించి పక్కపక్కన పెట్టి చూశాడు. పదికి పదీ సరిపోయాయి. పదకొండోది లాగమని ఎవరూ అనలేదు. మట్టి మేడమ్ ప్రయోగశాలకి మూడేళ్ళిచ్చారు. మర్నాడు పొద్దున్నే తూకం ముగించి, మట్టి చేతులైనా కడుక్కోకుండా ఆమె మెట్ల కింది గదికి పరిగెత్తింది. తలుపు ఎప్పట్లాగే ఓరగా తెరిచి ఉంది. కుర్చీ ఖాళీ.

ఆయన పోయిన వారం తర్వాత వాళ్ళావిడ అడుగుతూ అడుగుతూ షెడ్డుకొచ్చింది. కొంగు ముడి విప్పి ఒక కార్డూ పెన్సిలూ తీసింది.

"ఇవి ఆయన జేబులో ఉన్నాయి తల్లీ. కార్డులో కుండీల మాటుంటే నీదేననుకున్నా. ఆఫీసు వస్తువు ఇంట్లో ఉండకూడదనేవారు."

కార్డు మీద అంకెలు మూడు. కింద ఇలా ఉంది: "రెండువందల పదమూడు. మేడమ్ కుండీల అంకెలకి దగ్గర. అవేనని రుజువు లేదు. లెక్కలో వేయలేదు."

ఆమెకి రెండోసారి చూడనక్కర్లేదు.

"ఇవి నావి కావు పిన్నిగారూ. ఇది కూడా కలిపి ఉంటే, ఆ పదిలో ఇదే వచ్చి ఉంటే..."

"ఆయనంతే తల్లీ. నేను కుట్టిన చొక్కా కూడా టేపు పెట్టి కొలిచాకే వేసుకునేవారు." చెబుతూనే నవ్వు వచ్చింది ఆవిడకి, వెనకే ఏడుపూ వచ్చింది.

ఆవిడ వెళ్ళాక మట్టి మేడమ్ ఇరవై మూడో కుండీ దగ్గర ఆగిన తూకం మళ్ళీ మొదలుపెట్టింది. మిగిలిన అంకెలన్నీ ఆ పెన్సిలుతోనే రాసి, దాన్ని తూకం పుస్తకం మీద పెట్టింది: గోరంత ముక్క, దానికి చుట్టిన పాత కాగితం, ఆ కాగితం చివర పంటిగాట్లు.