అవతలి ఒడ్డు ఎనభై

దెల్వీన ముప్పై ఏళ్ళకు పైగా అమెరికా ఉత్తరపు కొసన, కెనడా సరిహద్దు నది ఒడ్డునున్న మడవాస్కాలో బడి బస్సు నడిపింది. పసుపుపచ్చ బస్సులో అటకెక్కి కూర్చున్నట్టు అంతెత్తున కూర్చుని, ఊళ్ళోవాళ్ళ నడినెత్తులూ కార్ల పైకప్పులూ చూస్తూనే వయసు గడిపేసింది. జూన్‌లో బడి మూసిన రోజు తాళంచెవులు అప్పగించి ఇంటికి నడిచివస్తుంటే ఆమెకొక కోరిక పుట్టింది. నేలకు ఆనుకుని పోయే బండి ఒకటి కావాలి. ఇద్దరే పట్టేది, టాపు మడిచి వెనక్కి తోసేసేది.

ఆమె మొగుడు లూసియెన్ బంగాళాదుంపల రైతు, భారీ మనిషి. ఆ మాట వినగానే తింటున్న ప్లోయ్ అట్టు గొంతుకడ్డం పడేంత నవ్వాడు.

"ఇదేం పిచ్చే నీకు, ఈ వయసులో? దాన్లో పట్టాలంటే చాప చుట్టినట్టు చుట్టుకోవాలి."

"నిన్నెవరు చుట్టుకోమన్నారు? నేనే ఎక్కుతా."

"ఎక్కడం కాదే, దిగడం. బావిలోకి దిగినట్టు దిగాలి దాన్లోకి."

"దిగుతాలే. పైకి రాలేకపోతే కేకేస్తా, నీ ట్రాక్టరుకి తాడు కట్టి లాగు."

నది మలుపులో ఉండే ఒనెజీమ్ అనే పెద్దాయన దగ్గర అలాంటి బండి ఉందని చర్చి మెట్ల మీద ఎవరో చెప్పారు. ముదురాకుపచ్చ స్పోర్ట్స్ కారు. చనిపోయిన ఆయన భార్య ఇరేన్‌ది. ఆమెది నదికి అవతల, కెనడా. అక్కడి ఎడ్మన్‌స్టన్‌లో నర్సుగా ఉన్న రోజుల్లో కొత్తదిగా కొనుక్కుని, పెళ్ళికి ఆ కార్లోనే వంతెన దాటి వచ్చేసింది.

దెల్వీన వెళ్ళేసరికి ఒనెజీమ్ కారును గడ్డికొట్టంలోంచి బయటికి తోయించి, ముందు అద్దం తుడుస్తున్నాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు.

"ముందే చెప్తున్నానమ్మా," అన్నాడు. "ఇది అవతలి ఒడ్డున పుట్టిన బండి. స్పీడు ముల్లు కిలోమీటర్లే చూపిస్తుంది, మన మైళ్ళు దానికి తెలీవు. బాంగర్ పట్నం నుంచి ఒకాయనొచ్చి, ఆ డయల్ పీకేసి మనది పెట్టిస్తానన్నాడు. మా ఆవిడ కళ్ళు పీకి వేరేవాళ్ళవి పెడతానన్నట్టు అనిపించింది. పొమ్మన్నాను."

దెల్వీన కారు చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు మీద చెయ్యి వేసింది. ఎండకు వెచ్చగా ఉంది.

"ఇది మెల్లిగా కూడా పోతుందాండీ?" అని అడిగింది.

ఒనెజీమ్ తుడవడం ఆపాడు. "వచ్చినవాళ్ళంతా ఎంత జోరుగా పోతుందనే అడిగారు. ఈ మాట అడిగింది నువ్వొక్కతివే. కూర్చో, నడిపి చూద్దువుగాని. నేనెప్పుడూ దీన్ని తోలలేదు. నా మోకాళ్ళు స్టీరింగు కింద పట్టవు. ఇరేన్ తోలేది, నేను పక్కన కూర్చునేవాణ్ణి."

బావిలోకి దిగినట్టే దిగింది దెల్వీన. కానీ దిగాక లోకం మారిపోయింది. గడ్డిపోచలు ఆమె చెంపకు సమానంగా ఊగుతున్నాయి. రోడ్డు కాళ్ళ కింద కాక కళ్ళ ముందు మొదలవుతోంది. నది పక్కగా పడమటికి సాగింది. రాత్రి వాన పడి వెలిసింది. నీళ్ళ మీద పొగమంచు పల్చగా, ఉతికి ఆరేసిన నూలుబట్టలా కదులుతోంది.

ముల్లు చూసి ఉలిక్కిపడింది. "అయ్యయ్యో, ఎనభై! నా జన్మలో ఎనభై చూళ్ళేదండీ!"

"అది మన ఎనభై కాదమ్మాయ్, అవతలి ఒడ్డు ఎనభై. మన లెక్కలో యాభై."

"చెప్పకుండా ఉండాల్సింది మీరు. నన్ను ఎనభైలోనే ఉండనివ్వండి."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు అలాగే మెత్తబడి, తల భుజం మీదికి ఒరిగింది. నిద్రపోయాడు.

వెనక్కి తిప్పుదామనుకుంది దెల్వీన. తిప్పితే కుదుపుకి లేస్తాడేమోనని తిప్పలేదు. అవతలి ఒడ్డున తెల్లటి ఇళ్ళూ ఒక చర్చి గోపురమూ కారుతోపాటే నడిచివస్తున్నట్టున్నాయి. కొంతసేపటికి బండి కదలడం లేదనీ, రెండు ఒడ్లే నెమ్మదిగా జరుగుతున్నాయనీ అనిపించింది. వెనక పిల్లల గోల లేదు. ఆగాల్సిన మలుపు లేదు.

"వంతెన వచ్చిందా, ఇరేన్?" కళ్ళు తెరవకుండానే అడిగాడు ఒనెజీమ్.

దెల్వీన బండి వేగం కాస్త తగ్గించింది. నేను ఇరేన్‌ను కాదని చెప్పడానికి నోరు రాలేదు.

"ఇంకా రాలేదు," అంది మెల్లిగా. "పడుకో."

ఆయన పడుకున్నాడు. ఫోర్ట్ కెంట్ పొలిమేరలో లారీ హారన్‌కి మెలకువ వచ్చి, చుట్టూ చూశాడు.

"ఇంతదూరం తెచ్చావా! నిద్రపోయానా నేను?"

"కాస్త కునుకు తీశారు."

"మా అల్లుడు తోలుతుంటే రెప్ప వేస్తే ఒట్టు," అన్నాడు పెద్దాయన. చాలాసేపు నది వైపు చూసి, "తీసుకెళ్ళిపో అమ్మాయ్. ఇది నీ బండి," అన్నాడు. బేరం మాట ఇద్దరికీ పెద్దగా పట్టలేదు.

లూసియెన్ ఆ కారు దగ్గరికి రావడానికి జూలై దాకా పట్టింది. ఒక ఆదివారం ఎవరూ చూడకుండా, తలుపు పట్టుకుని, మూలిగి, తిట్టి, ఎలాగో లోపల కూలబడ్డాడు. "ఊఁ, పోనీ," అన్నాడు, ఎటో చూస్తూ.

దెల్వీన ఊరు దాటి పొలాల మధ్య దారి పట్టింది. బంగాళాదుంపలు పూతమీదున్నాయి. సాళ్ళ కట్టలు కారు తలుపులంత ఎత్తున, తెలుపూ లేత ఊదా పూలతో రెండువైపులా దొర్లుతున్నాయి. లూసియెన్ తలుపు మీదికి వంగి చూస్తున్నాడు.

"ఆపు," అన్నాడు ఉన్నట్టుండి.

"ఏమయ్యా, నడుం పట్టేసిందా?"

"కాదే. ఇది మన చేనే కదూ?"

"మనదే."

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ట్రాక్టరు మీదినుంచే చూసిన చేను అది. పై నుంచి ఆకుల రంగు చూసి తెగులుందో లేదో చెప్పగలడు. పూల లోపలి పసుపు మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడది ముక్కుకు తగిలేంత దగ్గర్లో గాలికి ఊగుతోంది. ఒక తుమ్మెద ఒక పూవులోంచి వెనక్కి నడిచి బయటికొచ్చింది.

"దిగుతావా?" అడిగింది దెల్వీన.

"దిగలేను గానీ, ఇంజిను ఆపెయ్యి," అన్నాడు లూసియెన్.