పదకొండో పేజీలో తమ్ముడు

చర్చిలో పిల్లలంతా ఆమెను బొమ్మలత్త అనేవారు. నిజానికి ఆమె అత్తయ్యేది ఒక్క పిల్లకే, అన్నయ్య కూతురు పిచ్చుకకి. ఆరేళ్ల ఆ పిల్ల నోరు క్షణం మూతపడదని ఇంట్లో ఆ పేరు పెట్టారు. అది అత్తా అత్తా అని తిరుగుతుంటే మిగతా పిల్లలూ అందుకున్నారు.

సండేస్కూలు పిల్లలకు పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థకు బొమ్మలు గీయడం ఆమె పని. నోవహు ఓడలో జిరాఫీ మెడ ఎటు తిప్పాలి, గొల్యాతును చూసి పసివాళ్లు జడుసుకోకుండా ఎంత పొడుగు గీయాలి, ఆమె దిగుళ్లన్నీ ఇలాంటివే. ఈసారి మాత్రం కథ కూడా ఆమే రాసుకుంది. ఒక అక్క, ఒక తమ్ముడు. తమ్ముడికి జ్వరం వస్తుంది. అక్క ప్రార్థన చేస్తుంది. పదకొండో పేజీకి వచ్చేసరికి తమ్ముడు ఇంకా పడుకునే ఉంటాడు. మంచానికి ఒక పక్క అక్క, రెండో పక్క చెప్పులు విప్పి నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చున్న యేసయ్య. కింద ఒకటే వాక్యం: ‘యేసయ్య లేచి వెళ్లిపోలేదు.’ జ్వరం తగ్గిందో లేదో పుస్తకం చెప్పదు.

ఆ తమ్ముడి ముఖం ఎక్కడిదో ఇంట్లోవాళ్లకు తెలుసు. పోయినేడు జ్వరంతో పోయిన అన్నయ్య కొడుకుది. వదినను అడిగాకే గీసింది. వదిన ఆ బొమ్మను చేతుల్లోకి తీసుకుని, “చెవి ఇంకాస్త ముందుకుండేది,” అని మాత్రం అంది. అత్త చెవి దిద్దింది.

పుస్తకం అచ్చయి వచ్చిన మధ్యాహ్నం ఆమె కుంచెలు కడుక్కుంటోంది. పిచ్చుక పొట్లం విప్పి, ఒక కాపీ తీసుకుని మేడమెట్ల మీద కూర్చుంది. కూడబలుక్కుని చదవడం అప్పుడప్పుడే వస్తోంది దానికి. కాసేపు అక్షరాల గొణుగుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది. పిచ్చుక ఇంట్లో ఉండగా ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే ఏదో పగిలిందనే లెక్క. అత్త చేతులు తుడుచుకుంటూ వెళ్లింది.

“అత్తా, ఈ తమ్ముడు బతికాడు,” అంది పిల్ల, తలెత్తకుండా.

“ఏ తమ్ముడే?”

“మన తమ్ముడే. చూడు, బంతాడుకుంటున్నాడు. అక్క గట్టిగా నమ్మిందంట. అందుకని బతికాడంట.” వేలు ఆ అక్షరాల మీదే ఉంచింది. “నేను ప్రార్థన చేసేటప్పుడు మధ్యలో కళ్లు తెరిచాను. తమ్ముడు చూస్తున్నాడేమోనని. అందుకే పోయాడా?”

అత్త పుస్తకం లాక్కుంది. పదకొండో పేజీలో మంచం ఖాళీగా ఉంది. మూడో పేజీలో తను గీసిన బంతాట పిల్లవాణ్ణి కత్తిరించి తెచ్చి గుమ్మం దగ్గర అతికించారు. యేసయ్య కూర్చున్న చోట ఎండ పడుతోంది. కింద ఆమె రాయని మాటలు: ‘అక్క అనుమానం లేకుండా ప్రార్థించింది. అందుకే తమ్ముడు బతికాడు. నువ్వూ గట్టిగా నమ్ము, దేవుడు నువ్వడిగింది ఇస్తాడు.’

పిల్లను ఒళ్లోకి లాక్కుని, “నీవల్ల కాదు. నువ్వు కళ్లు తెరిచినా మూసినా నీవల్ల కాదు. ఇది రాసినవాళ్లకి తెలీదు,” అంది.

“పుస్తకంలో ఉంది కదా,” అంది పిచ్చుక.

అత్త పుస్తకం మూసేసింది. తను గీసిన పుస్తకాలు చూపించి చూపించి, పుస్తకంలో ఉన్నదల్లా నిజమని ఆ పిల్లకు నేర్పింది తనే.

ప్రచురణ సంస్థ ఆఫీసు నడక దూరంలోనే ఉంది. వసారా నిండా కట్టలు కట్టిన పుస్తకాలు, కొత్త సిరా వాసన. సంపాదకుడు పెద్దవాడు, మెత్తగా మాట్లాడే మనిషి. నవ్వుతూ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“నా పేజీ ఎవరు మార్చారు సార్?”

“నేనేనమ్మా. బాగా వచ్చింది కదూ. నువ్వు రాసిన ముగింపు పసివాళ్లకి బరువు. వాళ్లకి ఆశ కావాలి. చావు గురించి వాళ్లకిప్పుడే ఎందుకు?”

“చావు మా ఇంట్లోకొచ్చినప్పుడు మా పిల్ల వయసు అడగలేదండి. మీరు మార్చేముందు నన్నెందుకు అడగలేదు?”

“అడిగితే ఒప్పుకోవు.”

“అందుకని అడగలేదు.”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “తల్లిదండ్రులు కొనేది ఇలాంటివేనమ్మా. ప్రార్థన ఫలించాలి. ఫలించని ప్రార్థన బొమ్మేసి చూపిస్తే పిల్లల విశ్వాసం ఏం కావాలి?”

“సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో, ఈ బాధ తప్పించమని యేసయ్య అడిగింది జరిగిందా? ఆయన కూడా సరిగ్గా నమ్మలేదనే రాస్తారా?”

ఆయన నవ్వు మాయమైంది. “ఆ బిడ్డ పోయిన దగ్గర్నుంచి నీ విశ్వాసం కుంగింది. నీకోసం ప్రార్థన చేస్తాను.”

గోరుచుట్టు మీద రోకలిపోటు. ఆరేళ్ల పిల్లకు పుస్తకం చెప్పిన మాటే ఆయన ఇప్పుడు ఆమెకు చెబుతున్నాడు. పుస్తకాలు ఆపమంది. సగం కట్టలు వేరే ఊళ్ల చర్చిలకు వెళ్లిపోయాయనీ, ఇక్కడివి ఆదివారం పంచుతామనీ, వేదిక మీదకు ఆమెనూ పిలుస్తామనీ ఆయన అదే మెత్తటి గొంతుతో చెప్పాడు.

ఇంటికొచ్చి వదినకు పుస్తకం చూపించింది. చూపించకుండా దాచాలనే అనుకుంది గానీ, పిచ్చుక కడుపులో మాట దాగదు. వదిన ఇస్త్రీ చేస్తోంది. పేజీ చదివి, ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, స్విచ్చి ఆపింది.

“ఇది నాకు కొత్త కాదు. బిడ్డ పోయిన వారంలోనే ఇద్దరు ముగ్గురు అన్నారు, ఉపవాసం ఉండాల్సిందమ్మా, ఇంకా కన్నీళ్లతో అడగాల్సిందమ్మా అని. మింగాను. మీ అన్నయ్యకి కూడా చెప్పలేదు,” అంది. “నన్నంటే పడతాను. దాన్నంటే ఊరుకోను.”

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు పిల్లల్ని ముందుకు పిలిచారు. బల్లమీద పుస్తకాల దొంతర. సంపాదకుడు ముందు వరసలో ఉన్నాడు. బొమ్మలత్త రాత్రంతా మనసులో కూర్చుకున్న మాటలు మళ్లీ మళ్లీ అనుకుంటూ, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని చూస్తోంది. పిలవకముందే పక్కనున్న వదిన లేచింది. నలుగురిలో పాట ఎత్తుకోవడానికే సిగ్గుపడే మనిషి. నేరుగా బల్ల దగ్గరకు నడిచి, ఒక పుస్తకం తెరిచి పాస్టరుగారి చేతిలో పెట్టింది.

“అయ్యగారూ, ఈ పేజీ పైకి చదవండి. నా కూతురు అదిగో, మీ ఎదురుగానే కూర్చుంది. దాని కళ్లలోకి చూసి చదవండి.”

పాస్టరుగారు మొహమాటంగా నవ్వి మొదలుపెట్టారు. “అక్క అనుమానం లేకుండా ప్రార్థించింది. అందుకే తమ్ముడు...” అక్కడ తలెత్తారు. పిచ్చుక ఆయన్నే చూస్తోంది. దాని తమ్ముడి చిన్న పెట్టెను గోతిలోకి దించినప్పుడు ప్రార్థన చేసింది ఆయనే. ఆ మాట ముందుకు కదల్లేదు. పుస్తకం మూసి, “నేను ఇది ముందు చదవలేదమ్మా,” అన్నారు.

“చదవకుండానే పంచుతున్నారా?” అంది వదిన.

సంపాదకుడు లేచి, ఇది సందర్భం కాదన్నాడు. అప్పుడు మాట్లాడింది బొమ్మలత్త. కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. “పసివాళ్ల నెత్తిన తమ్ముడి చావు పెట్టారు మీరు. దానికి నా బొమ్మల్ని వాడుకున్నారు. ఇకమీద మీకు ఒక్క గీత గీయను,” అంది. ఆ మాట చివరి బెంచీ దాకా వినిపించింది.

పాస్టరుగారు మెట్టు దిగి పిచ్చుక ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. “మీ తమ్ముడు నీవల్ల పోలేదు తల్లీ. నేనూ అడిగాను దేవుణ్ణి. చాలా అడిగాను. ఎందుకు ఇవ్వలేదో నాకూ తెలీదు,” అన్నారు. పిచ్చుక అత్త వైపు చూసింది, ఇది పుస్తకంలో లేదే అన్నట్టు. ఆ రోజు పుస్తకాలు పంచలేదు.

సంపాదకుడు తప్పు ఒప్పుకోలేదు. వారం తిరక్కుండానే నోవహు ఓడ రెండో ముద్రణకు బొమ్మల పని వేరొకరి చేతికి వెళ్లింది. ఆమెకు అహంకారం పెరిగిందని చర్చిలో కొందరన్నారు. ఆమెకు దానికంటే, ముందే వెళ్లిపోయిన కట్టల మీదే ధ్యాస. ఆ ఊళ్లలో ఏ పిల్ల ఏ మెట్ల మీద కూర్చుని కూడబలుక్కుని చదువుతోందో అనుకుంటే అన్నం దిగేది కాదు.

ఆ కట్టలు వెనక్కి తేవడానికి పాస్టరుగారు తన కారు తీశారు. వెనకసీట్లో వదిన, ఆమె. మొదటి ఊరి చర్చిలో సండేస్కూలు టీచరమ్మ ఊడ్చుకుంటోంది. వచ్చిన పని విని చీపురు గోడకు ఆనించింది.

“పోయిన వారమే పంచేశామండి. పిల్లలు ఇళ్లకి తీసుకెళ్లిపోయారు.”

“ఆ ఇళ్లు మీకు తెలుసా?” అంది వదిన.

“తెలుసు.”

“అయితే చూపించండి. ఒక్కో ఇంటికీ వెళ్దాం.”