తనకు తానే సవతి

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గానీ లెక్కల టీచరమ్మ మొగుడి సంగతి వేరు. ఇంట్లో ఆయన పిల్లి కూడా కాదు. పిల్లయితే ఆకలేసినప్పుడైనా అరుస్తుంది. పెళ్ళయి ఇరవై ఏళ్ళు కావస్తోంది. పొద్దున్నే పెట్టింది తిని పెద్దాసుపత్రిలో డ్యూటీకి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూలబడేవాడు. ఏదైనా అడిగితే "ఊ", రెట్టించి అడిగితే "ఆ". హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు ఫోను చేస్తే, "బాగున్నావామ్మా? ఇదిగో, అమ్మకిస్తున్నా" అని ఫోను భార్య చేతిలో పెట్టేసేవాడు.

ఆసుపత్రిలో ఆయన పని ఫిజియోథెరపీ గదిలో. విరిగి అతుక్కున్న చేతులకీ, బిగుసుకుపోయిన మోకాళ్ళకీ మళ్ళీ కదలిక నేర్పడం. "ఎముకలతో పని గనక సరిపోయింది. మనుషులతో అయితే ఈయన ఉద్యోగం ఏనాడో ఊడేది" అని టీచరమ్మ స్టాఫ్ రూములో నవ్వించేది. "మా ఆయన బెల్లం కొట్టిన రాయండీ" అనేది అక్కతో, ఆడపడుచుతో, ఎదురింటావిడతో. ఆయన పక్కన కూర్చుని ఉండగానే అనేది. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన కూడా పెదవి చివర ఓ నవ్వు నవ్వి ఊరుకునేవాడు.

అలా ఉండగా ఆ ఏడు స్కూలు మెట్ల మీద కాలు జారి టీచరమ్మ కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పేసరికి చెయ్యి కర్రలా బిగుసుకుపోయింది. సుద్దముక్క పట్టుకోవడానికి కూడా వేళ్ళు ముడుచుకోవు. వ్యాయామం చేయించకపోతే ఇలాగే ఉండిపోతుందన్నాడు ఎముకల డాక్టరు.

"ఇంకేం, మీ గదికే వస్తాను. ఇంటి వైద్యుణ్ణి పెట్టుకుని ఊరంతా తిరగడమెందుకు?" అంది మొగుడితో.

"మా దగ్గరకెందుకు, అంత దూరం? మన వీధి చివర క్లినిక్కుందిగా. అక్కడ మనుషులు కూడా తక్కువ. త్వరగా అయిపోతుంది" అన్నాడాయన.

అంతే, టీచరమ్మ చెవులు రిక్కించింది. ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్ళయిందో! ఆ పూట నుంచీ ఆమె కళ్ళు పనిలో పడ్డాయి. డ్యూటీకి వెళ్ళేముందు అద్దంలో రెండుసార్లు తల దువ్వుకుంటున్నాడు. చొక్కా మడత నలిగితే విప్పి మళ్ళీ ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఒక ఆదివారమైతే మధ్యాహ్నానికల్లా గోడ గడియారం వైపు చూస్తూ, రేపెప్పుడవుతుందా అన్నట్టు కూర్చున్నాడు. ఇంట్లో రాయి అయినవాడు ఎక్కడ కరుగుతున్నాడు? ఎవరి దగ్గర? తెల్లచీరల నర్సులందరినీ ఊహించుకుని ఆమె నిద్ర పాడు చేసుకుంది. చివరికి ఒకరోజు స్కూల్లో సగం పూట సెలవు పెట్టి, ఆయనకు చెప్పకుండా పెద్దాసుపత్రికి బస్సెక్కింది.

ఫిజియోథెరపీ గది వరండా చివర ఉంది. గుమ్మానికి ఆకుపచ్చ తెర. ఆమె ఇంకా తెర దాకా వెళ్ళకుండానే లోపల్నుంచి ఒక్కసారిగా నవ్వులు విరుచుకుపడ్డాయి. ఆ నవ్వుల మీదుగా ఒక మగ గొంతు ఎక్కుతోంది, దిగుతోంది, ఆడగొంతు అనుకరిస్తోంది, మధ్యలో ఊరించడానికి ఆగుతోంది. ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి ఆమెకు కాసేపు పట్టింది. పోల్చుకున్నాక తెర దగ్గరికి వెళ్ళి చెవి పెట్టింది.

"అప్పుడు మా ఆవిడ చీపురు పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది" అంటున్నాడాయన. "నిలబడి ఏమందో తెలుసా? 'ఏమండీ, మీరు కుర్చీలో కూర్చున్నారా, కుర్చీయే మీ మీద కూర్చుందా? ఇద్దర్లో ఎవరో ఒకరు లేస్తే ఊడ్చుకుంటాను' అంది!"

గది గొల్లుమంది. తెర సందులోంచి చూస్తే ఒక బామ్మ మంచం మీద పడుకుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆమె నవ్వులో ఉండగానే ఆయన రెండు చేతులతో ఆమె మోకాలు మెల్లగా వంచేశాడు.

"అబ్బబ్బ! వంచేశావా? మాటల్లో పెట్టి వంచేశావు గదరా అబ్బాయ్!" అంది మోకాలి బామ్మ, కళ్ళలో నీళ్ళతోనే నవ్వుతూ.

గోడకి బిగించిన కప్పీ తాడు పట్టుకుని చెయ్యి పైకి లాగుతున్న ఒక దర్జీ ఆవిడ అంది: "మీ ఆవిడ భలే మనిషండీ కబుర్ల డాక్టరుగారూ. అలాంటి మనిషితో కాపురమంటే రోజూ నవ్వులే."

"నవ్వులే మరి!" అన్నాడాయన.

బయట నిలబడ్డ టీచరమ్మ ఆ మాటను పోల్చుకుంది. ఆ కుర్చీ మాట తనదే. పోయిన వేసవిలో, పళ్ళు నూరుతూ అన్నది. ఆ రోజు ఆయన ఏమీ అనకుండా లేచి బాల్కనీలోకి పోయాడు. తను ఒళ్ళు మండి, ఊడ్చిన చోటే మళ్ళీ మళ్ళీ ఊడ్చి, చివరికి వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఆ ఏడుపు మాటే ఇక్కడ ఇంతమందిని నవ్విస్తోంది!

ఎవరో ఒక ఆడది ఉంటుందని వెతుక్కుంటూ వచ్చింది. ఉండనే ఉంది. ఆ ఆడదానిది తన ఉద్యోగమే, తన ఇల్లే, తన నోటి మాటలే. అయితే దానికి చతురత ఉంది. దాని మొగుడు దాన్ని తలుచుకుని మురిసిపోతున్నాడు. తనకేమో ఇరవై ఏళ్ళుగా "ఊ", "ఆ". మామూలు సవతయితే జుట్టు పట్టుకోవచ్చు. ఈ సవతి జుట్టు పట్టుకోవాలంటే తన జుట్టే పట్టుకోవాలి.

కుళ్ళంతా చేతిలోకి తెచ్చుకుని ఆమె తెర లాగింది.

ఆయన ఆమెను చూశాడు. మొహంలోంచి ఆ మాటకారి ఎటు పోయాడో పోయాడు, కిటికీ పక్క కుర్చీలో మనిషి వచ్చి నిలబడ్డాడు. "మా... మా ఆవిడ" అన్నాడు గదిలోవాళ్ళతో.

"కుర్చీ అమ్మాయా?" అని మోకాలి బామ్మ మంచం మీద లేచి కూర్చుంది. "రా తల్లీ, రా! నిన్ను చూడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాం. ఇదిగో, ఈ అబ్బాయి చెప్పేవన్నీ నిజమేనా?"

"సగం కోతలు. మిగతా సగం నాకే చెప్పనివి" అంది టీచరమ్మ, కసిగా, మొగుడి మొహం మాడ్చాలని.

గది మళ్ళీ గొల్లుమంది. దర్జీ ఆవిడ తాడు వదిలేసి చప్పట్లు కొట్టింది. మెడకి పట్టీ వేసుకున్న బస్సు డ్రైవరు తల తిప్పలేక ఒళ్ళంతా ఇటు తిప్పి, "ఆయన చెప్పినట్టే ఉన్నారండీ, అచ్చం!" అన్నాడు. గుచ్చడానికి వేసిన బాణం పువ్వయి పడింది. టీచరమ్మ తెల్లబోయింది. స్టాఫ్ రూములో ఆమె మాటకి నవ్వేవాళ్ళున్నారు గానీ, ఇలా ముచ్చటపడి నవ్వినవాళ్ళు లేరు. మొహం వేడెక్కింది. ఆ వేడి కోపమో మరొకటో ఆమెకే తెలియలేదు.

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, బిగువు సడలడానికి గోరువెచ్చగా కరిగించిన మైనంలో ముంచి, తీసి, తువ్వాలు చుట్టాడు. ఆ చేతులు అంత మెత్తగా పట్టుకుంటాయని కూడా ఆమె మరిచిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో, ఇద్దరూ భోంచేశాక అడిగింది. "ఎవరామె?"

"ఎవరు?"

"మీరు రోజూ వాళ్ళకి చెబుతుంటారే, ఆవిడ."

"నువ్వే."

"నేనా? నేనెప్పుడు నవ్వించాను మిమ్మల్ని?"

ఆయన నీళ్ళగ్లాసు పక్కకి జరిపాడు. "అన్నీ నువ్వన్న మాటలే. ఒక్కటీ కల్పించలేదు."

"నేను కోపంగా అన్నానవి!"

"తెలుసు. ఇక్కడ కోపంగానే వినపడ్డాయి. ఒకరోజు అక్కడ చెబితే వాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వాక నాకూ నవ్వొచ్చింది."

"మరి ఆ నవ్వేదో ఇంటికొచ్చి నవ్వొచ్చుగా?"

"ఇంట్లో నేను బెల్లం కొట్టిన రాయిని కదా." ఎత్తిపొడుపుగా అనలేదు. ఎవరో పేరడిగితే చెప్పినట్టు అన్నాడు.

ఆమె కంచాలు పక్కకి నెట్టింది. "సరే, ఇప్పుడు చెప్పండి. ఏదైనా ఒకటి" అంది. ఆయన నోరు తెరిచాడు. పైన ఫ్యాను వైపు చూశాడు. "ఏం చెప్పను?" అన్నాడు. ఇద్దరూ ఇంకాసేపు కూర్చుని లేచిపోయారు.

మర్నాటి నుంచి ఆమె రోజూ స్కూలవగానే ఆ గదికి వెళ్ళేది. మైనంలో చెయ్యి ముంచాక రబ్బరు బంతి నొక్కుతూ కూర్చునేది. ఆయన మొదట్లో తడబడ్డా, బామ్మ కాలు వంచాలంటే కబురు చెప్పక తప్పదు గనక మెల్లగా అందుకున్నాడు. ఆయన ఒక మాటంటే ఆమె పక్కనుంచి దానికో తోక తగిలించేది. తగిలించినప్పుడల్లా నవ్వులు. స్కూల్లో ఆమె వరండాలోకి వస్తే పిల్లలు గోడకి అతుక్కుపోతారు. ఇక్కడ ఆమె రావడం ఆలస్యమైతే బామ్మ గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది, డ్రైవరు ఆమె కోసం స్టూలు లాగి పెడతాడు. స్కూల్నుంచి బయల్దేరేముందు తనూ రెండుసార్లు అద్దం చూసుకుంటున్నానని ఆమె గమనించింది.

అయినా కడుపులో మంట ఆరలేదు. దర్జీ ఆవిడ, "నిన్న మీరు రాకముందు ఓ కబురు చెప్పారండీ, చచ్చేలా నవ్వాం" అంటే, అదేమిటో తెలుసుకునే దాకా ఆమెకు అన్నం సయించేది కాదు. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చుని అడిగేది. "ఏదో అన్నాన్లే" అనేవాడు ఆయన. ఆ గది గుమ్మం దాటితే చాలు, ఇద్దరికీ నోళ్ళు పడిపోయేవి.

చెయ్యి బాగయింది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి, సుద్దముక్క ఆగుతోంది. టీచరమ్మ ఆ సంగతి దాచిపెట్టింది. "ఇంకా ఇక్కడ పట్టేస్తోందండీ" అని మణికట్టు చూపించేది. ఏ కీలు ఎంతవరకు తిరుగుతుందో ఆయనకు తెలియంది కాదు. పట్టుకుని తిప్పి చూసేవాడు, ఆమె మొహం చూసేవాడు, మైనం డబ్బా మూత తీసేవాడు.

ఇటు ఆమె వికసిస్తున్న కొద్దీ అటు ఆయన ముడుచుకుపోతున్నాడని మాత్రం ఆమె చూసుకోలేదు. బామ్మ ఇప్పుడు "అబ్బాయ్" అని పిలవడం మానేసి "ఏమ్మా టీచరూ, ఇవాళేంటి విశేషాలు?" అంటోంది. ఒకరోజు ఆయన ఏదో కబురు మొదలుపెడితే డ్రైవరు మధ్యలోనే, "ఉండండి సార్, అది అమ్మగారు చెబితే బాగుంటుంది" అన్నాడు. ఆమె అందుకుని చెప్పింది. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వుల మధ్య ఆయన వెళ్ళి తువ్వాళ్ళు మడతపెట్టడం మొదలుపెట్టాడు. అన్నీ మడతపెట్టేశాక, "నీ చెయ్యి నయమైంది. రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు, అందరి ముందూ.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. బస్టాపు దాకా పెదవి బిగబట్టుకుని వచ్చింది. బస్టాపులో బిగువు తెగింది.

"నలుగుర్లో పొమ్మంటారా నన్ను? నేనక్కడ ఉంటే మీకేం నొప్పి?"

"నొప్పే!" అన్నాడాయన. ఆ గొంతు విని పక్కనున్న ముసలాయన ఇటు తిరిగాడు. "నొప్పే మరి! ఇల్లంతా నీదే. అందులో నేను రాయినన్నావు, ఊరుకున్నాను. మీ అక్కయ్య ముందన్నావు, మా చెల్లెలి ముందన్నావు, ఊరుకున్నాను. నాకున్నదల్లా ఆ ఒక్క గది. తెర లాగితే చాలు, బామ్మ 'వచ్చావా అబ్బాయ్' అనేది. ఆ ఒక్కమాటతో మనిషినయ్యేవాణ్ణి. ఇప్పుడు అందరూ నీ స్టూలు వైపే చూస్తున్నారు. నేను నోరు విప్పితే 'అమ్మగారు చెబుతారు' అంటున్నారు. అక్కడ కూడా నన్ను రాయిని చేసేస్తావా? నీకు స్కూలుంది, పుట్టిల్లుంది, వీధంతా ఉంది. నాకది కూడా మిగల్చవా?"

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఇద్దరూ ఎక్కలేదు. బస్సు వెళ్ళిపోయింది.

టీచరమ్మ ఆయన మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. చెవుల దాకా ఎర్రబడి, రొప్పుతూ ఉన్నాడు. ఇన్నాళ్ళూ తన ఒక్కదాని కడుపులోనే మండుతోందనుకున్న మంట ఆయనకీ ఉందన్నమాట. తన మీద! సిగ్గేసింది, బాధేసింది. వాటి అడుగున, ఇలాంటప్పుడు రాకూడని సంతోషం కూడా ఒకటి వచ్చింది. ఇన్ని మాటలు! ఇవన్నీ నాకే, ఏ బామ్మకీ కాదు, అనుకుంది.

"నాకూ కుళ్ళుగా ఉంది" అంది నెమ్మదిగా. "వాళ్ళకి దొరికే మొగుడు నాకు దొరకడం లేదని."

ఇంటికి నడిచే వెళ్ళారు. దారంతా గొడవ పడుతూనే ఉన్నారు. పాతవన్నీ బయటికొచ్చాయి. పెళ్ళిలో ఎవరో అన్న మాట దగ్గర్నుంచి మొన్నటి గ్యాసు బండ దాకా. ఒకసారి ఆయన గెలిచాడు, ఒకసారి ఆమె గెలిచింది. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి నోరెళ్ళబెట్టి చూసింది.

మర్నాడు ఆమె ఆసుపత్రికి వెళ్ళలేదు. స్కూల్నుంచి తిన్నగా ఇంటికొచ్చింది గానీ మనసంతా ఆ ఆకుపచ్చ తెర వెనకే ఉంది. ఈపాటికి బామ్మ మోకాలు వంచుతుంటాడు. ఈపాటికి దర్జీ ఆవిడ నవ్వుతుంటుంది. సాయంత్రం ఆయన వచ్చి చెప్పులు విప్పుతుండగానే గుమ్మంలోనే అడిగింది.

"ఇవాళేం చెప్పారు వాళ్ళకి?"

"నిన్నటి గొడవ."

"అంతా?"

"సుమారుగా."

"నాకూ చెప్పండి."

"నువ్వూ ఉన్నావుగా అందులో."

"అయినా చెప్పండి. వాళ్ళకి చెప్పినట్టే చెప్పండి."

ఆయన కుర్చీలో కూర్చోకుండా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడి మొదలుపెట్టాడు. బాగా రాలేదు. బస్టాపులో ముసలాయన దగ్గర గొంతు మార్చబోయి మధ్యలో సిగ్గుపడి ఆగాడు. బస్సు వెళ్ళిపోయిన సంగతి మరిచిపోయి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చెప్పాడు. ఆమెకు పెద్దగా నవ్వు రాలేదు. కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, చివరిదాకా వింది.

అయిపోయాక అడిగింది. "బామ్మ నవ్విందా?"

"నవ్వింది."

"బాగా నవ్విందా?"

"బాగానే."

"కుర్చీ మాటకి నవ్వినంతా?" అంది టీచరమ్మ. ఆయన ఆలోచించి జవాబు చెప్పేదాకా కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకోలేదు.