కుడి నుంచి ఎడమకు

నా భర్త ఓల్డ్రిఖ్ చనిపోయిన శనివారం నేను వంటింట్లో పిండిముద్దలు ఉడికిస్తున్నాను. వాటిని దారంతో బిళ్ళలుగా కోసి పళ్ళెంలో పెట్టే వేళకు ఆయన ఇంట్లో ఉండాలి. రాలేదు. ఊరి బయట పాత రాతి క్వారీలో, పిస్టల్ క్లబ్బు వాళ్ళ మధ్య, అట్టబొమ్మల మీది తూటా రంధ్రాలకు కాగితపు బిళ్ళలు అంటిస్తూ కూలిపోయాడు. గుండె ఆగిపోయింది. అంబులెన్సు వచ్చేదాకా ఆయన తల ఇవోన ఒడిలో ఉందట.

ఇవోన ఆ క్లబ్బులో శిక్షకురాలు. మిగతా రోజుల్లో సిటీ బస్సు నడుపుతుంది. ఏళ్ళ తరబడి ఆయన శనివారాలన్నీ ఆమె ఎదుటే గడిచాయి. అంత్యక్రియల రోజున నా దగ్గరికి వచ్చి, "టీచరుగారూ, ఓల్డా చివర్లో ఒక మాటన్నాడు. మీకు చెప్పాలి" అంది. క్లబ్బులో ఓల్డ్రిఖ్‌ను ఓల్డా అనేవారు.

"ఇప్పుడు కాదు" అన్నాను. పక్కకు తిరిగి మా హెడ్మాస్టరు చాచిన చేయి అందుకున్నాను.

నా భర్త మాటను మరొక స్త్రీ దాచిపెట్టి తెచ్చి ఇవ్వడం, నేను దాన్ని పుచ్చుకుని థాంక్స్ చెప్పడం నాకు చేతకాలేదు. ఆ మాట ఏమిటో తెలియకుండా నిద్రా పట్టలేదు.

ఆయన పిస్టల్‌ను పోలీసులు భద్రపరిచారు. అది ఇంటికి రావాలంటే నేను లైసెన్సు పరీక్ష రాయాలి. రాశాను, పిస్టల్ ఇంటికొచ్చింది. తర్వాత వసంతంలో ఇవోన శిక్షణ తరగతిలో చేరాను. ఆమె ముందు ఆమె విద్యలోనే తప్పు లేకుండా నిలబడగలిగితే, అప్పుడు ఆ మాట అడగాలనుకున్నాను. అప్పుడది దానం కాదు, నాకు రావలసినది.

తరగతిలో నాతోపాటు కసాయి కొట్టు హ్రుబెష్ ఉన్నాడు. ఇంకా ఇద్దరు అన్నదమ్ములున్నారు, వాళ్ళు పెద్దగా మాట్లాడరు. హ్రుబెష్ కూతురు ఒకప్పుడు నా దగ్గర చదువుకుంది.

"మా పిల్లకి లెక్కల్లో మార్కులు కోసేసిన చేతులివేనా?" అన్నాడు మొదటి రోజు నా పిస్టల్ చూసి. "ఇప్పుడు అట్ట మనుషుల వంతన్నమాట. పాపం!"

"మీ పిల్ల లెక్క తప్పు చేసింది హ్రుబెష్‌గారూ."

"అట్ట మనిషి ఏం చేశాడమ్మా?"

ఇవోన నవ్వలేదు. నా చేతిలోంచి పిస్టల్ తీసుకుని, ఖాళీగా ఉందని చూసి, తూటాలను ఆపే మట్టిగట్టు వైపు పట్టి ఒకసారి ట్రిగ్గర్ నొక్కింది. "ఈ ట్రిగ్గర్ కాస్త బరువు. తేలిక చేయిద్దామంటే ఓల్డా ఒప్పుకోలేదు. ఇలా ఉంటేనే తొందరపడనంటాడు" అంది.

నేను ఏళ్ళ తరబడి ఆ పిస్టల్ పెట్టె మీద దుమ్ము తుడిచాను. లోపలి ట్రిగ్గర్ బరువు నాకు తెలియదు. ఆమె వేలికి తెలుసు.

శనివారం తర్వాత శనివారం నేర్చుకున్నాను. ఒరలోంచి తీయడం, రెండు చేతులూ కలవడం, పిస్టల్ మూతి మీది గురి గుర్తును స్పష్టంగా చూసి లక్ష్యాన్ని మసకగా వదిలేయడం. బాగానే కాల్చాను. ఆమె "బాగుంది" అన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ఆయనతో కూడా ఇదే గొంతుతో అని ఉంటుంది. చలిలో ఆయన వేళ్ళు బిగుసుకుపోయేవని ఆమెకు తెలుసు. ఆయనకు ఎడమ కన్ను మూసే అలవాటు ఎలా మాన్పించిందో ఆమె హ్రుబెష్‌కు కథలా చెబుతోంటే, తూటాలు నింపుతున్నట్టు తల వంచుకుని ప్రతి ముక్కా విన్నాను. ఇంట్లో ఆయన ఇవేవీ చెప్పలేదు. నేను అడగలేదు కాబట్టి చెప్పలేదేమో. ఆమె అడిగి ఉంటుంది.

తరగతి చివరి రోజున ఇవోన పెద్ద పందెం దారి వేసింది. చెక్క గోడలు, వాటి మధ్య ఒక తలుపు చట్రం, అటూ ఇటూ అట్టబొమ్మలు. కాల్చేముందు అందరూ ఖాళీ చేతులతో ఆ దారి నడవాలి. రెండు చేతులు ముందుకు చాచి, లేని పిస్టల్ పట్టుకుని, ఎక్కడ ఆగాలో ఎక్కడ తూటాల మ్యాగజైను మార్చాలో పెదవులతో గొణుక్కుంటూ అటూ ఇటూ తిరుగుతారు. కొత్తవాళ్ళు చూస్తే పిచ్చాసుపత్రి అనుకుంటారు.

"కుడిచేతి వాళ్ళు ఎడమ చివర మొదలుపెట్టి కుడికి రండి" అంది ఇవోన. "కుడి నుంచి ఎడమకు పరిగెడుతూ మ్యాగజైను మార్చారో, ఒంటితోపాటు పిస్టల్ మూతి కూడా తిరుగుతుంది. మూతి ఎప్పుడూ గట్టు వైపే. భుజాల గీత దాటి వెనక్కి వచ్చిందంటే ఆట అయిపోయినట్టే. సాయంత్రం దాకా అందరి బొమ్మలకీ బిళ్ళలు అంటించాలి."

తర్వాత తనే నడిచి చూపించింది. తలుపు చట్రం దగ్గరికి రాగానే కుడికాలు ముందే నేలకు ఆనించి, ఎడమ మడమ మీద చిన్నగా గెంతి, మోకాళ్ళు వంచి ఆగింది.

ఆ గెంతు నాకు తెలుసు. మా వంటింట్లో పొయ్యికీ బల్లకీ మధ్య ఓల్డ్రిఖ్ ఖాళీ చేతులతో ఎన్నోసార్లు గెంతాడు. "చూడు ద్రాహుష్కా, ఎలా ఉంది?" అనేవాడు. "కాలు కాలిన కోడిపుంజులా ఉంది" అని నేను నవ్వేదాన్ని. ఆయనా నవ్వేవాడు. ఆయన నాకు మిగిల్చి వెళ్ళిన వాటిలో నేను ఎవరికీ చెప్పుకోనిది అదొక్కటే. ఇప్పుడది ఈమె కాళ్ళలో ఉంది.

నా వంతు వచ్చింది. చెవుల మీద చప్పుడు ఆపే కప్పులు సర్దుకుని కుడి చివరకు వెళ్ళి నిలబడ్డాను.

"టీచరుగారూ, అటు కాదు" అంది ఇవోన.

"రెండు వైపుల నుంచీ మొదలుపెట్టొచ్చు కదా?"

"పెట్టొచ్చు. వద్దంటున్నా."

"నేను ఇటు నుంచే వస్తాను."

"వినదమ్మా, వినదు" అన్నాడు వెనక హ్రుబెష్. "పిల్లలకైతే గోడ కుర్చీ వేయిస్తుంది."

ఇవోన గడియారం చేతిలోకి తీసుకుంది. "నింపుకోండి. సిద్ధం కండి" అంది.

గడియారం కూత పెట్టింది. మొదటి రెండు బొమ్మలకూ తూటాలు శుభ్రంగా తగిలాయి. ఆ తర్వాత ఎడమకు పరుగు. ఖాళీ మ్యాగజైను జారింది, కొత్తది అందింది. తలుపు చట్రం వస్తోంది. ఆ గెంతు మాత్రం వేయకూడదు, ఇంకెలాగైనా ఆగాలి అనుకుంటున్నాను. నా కాళ్ళనే చూసుకుంటున్నాను.

"ఆగు!"

ఇవోన చేయి నా మణికట్టు మీద పడింది. పిస్టల్ మూతి గట్టును వదిలేసి, పక్క దారిలో అన్నదమ్ములు నిలబడ్డ వైపు చూస్తోంది. ట్రిగ్గర్ మీద నా వేలు లేదు. అది నా అదృష్టమే గాని నా నేర్పు కాదు.

"ఖాళీ చేయండి. చూపించండి. ఒరలో పెట్టండి." ఆమె గొంతు మారలేదు. మొహం మాత్రం తెల్లబడింది. నేను చెప్పినట్టు చేశాను. అన్నదమ్ముల దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. పెద్దవాడు తలూపాడు. చిన్నవాడు నా వైపు చూడలేదు.

తర్వాత బిళ్ళల చుట్ట తీసుకుని బొమ్మల దగ్గరికి నడిచాను.

కాసేపటికి ఇవోన వచ్చి నా పక్కన మరో చుట్ట విప్పింది.

"ఎందుకలా చేశారు?"

"ఆ గెంతు ఆయనది."

ఆమెకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఓల్డాదా? అది నేను నేర్పింది. చలికాలమంతా పట్టింది ఆయనకి. మోకాలు సహకరించేది కాదు."

నేను ఒక రంధ్రం మూశాను. బిళ్ళ వంకరగా అంటుకుంది.

"ఇంట్లో చేసి చూపిస్తే మీరు నవ్వారట" అంది. "ఆ తర్వాతి శనివారం అది చెప్పుకుని మురిసిపోయాడు. నవ్వించడానికా నేర్చుకున్నావని మేం తిట్టాం. ఇక్కడ పందెం గెలిచినా అంత మురిసేవాడు కాదు. మధ్యాహ్నం కాగానే సంచి సర్దేసేవాడు. బీరుకి రారా అంటే రాడు. మీ మీద మాకెంత కుళ్ళుండేదో తెలుసా?"

"మీకా? మీకందరికీనా?"

"నాకు" అంది.

నాకు జాలి కలగలేదు. నిజం చెప్పాలంటే ఒక నిమిషం సంతోషం కలిగింది. ఆ వెంటనే అసూయ మళ్ళీ వచ్చింది, ఈసారి మరో చోట నుంచి. ఆమె దుఃఖం కూడా ఆయనదే, అందులో నాకు వాటా లేదు.

"ఆయన చివర్లో అన్నది..." అని మొదలుపెట్టింది.

"వద్దు."

"ఎన్నాళ్ళని మోయమంటారు టీచరుగారూ? అది మీది."

"ఇలా బిళ్ళలు అంటిస్తూ వినను. మళ్ళీ చేరతాను. ఆ దారి తప్పు లేకుండా పూర్తి చేశాక నేనే అడుగుతాను."

"మీ ఆయన కూడా ఇంతే మొండి" అని ఆమె తర్వాతి బొమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆయన మొండివాడని నాకెప్పుడూ అనిపించలేదు.

కొత్త తరగతి శరదృతువులో మొదలైంది. చేరాను. ఎడమ చివర నుంచే మొదలుపెడుతున్నాను. తలుపు చట్రం దగ్గర ఆ గెంతు వేయాలి, ఇంకా వేయలేకపోతున్నాను. దారి పూర్తి కాలేదు. ఇవోనను ఆ మాట అడగలేదు.