మూడువేల ఆరువందల నిమిషాలు

నేను ఒక ఫైలును. పట్టుకుందామంటే దొరకను. కానీ నా మాట దాటి ఆ కాలేజీ ల్యాబులో ఒక్క పేజీ కూడా తెరుచుకునేది కాదు. ఒకరు చూసిన పేజీని దాచుకుని, తర్వాత అడిగినవాళ్లకు ఆ కాపీనే అందించే సర్వర్ ఒకటి అక్కడ ఉండేది. అది ఎలా నడవాలో చెప్పేది నేనే. ముప్పై కంప్యూటర్లకు ఒక్కటే సన్నని ఇంటర్నెట్ లైను మరి.

నన్ను ఎవరో లినక్స్ అనే సిస్టం మీద నడిచే సర్వర్ల కోసం రాశారు. ల్యాబు చూసే యోహాను మాస్టారు వేసవి సెలవుల్లో సర్వర్‌ను ఫ్రీబీఎస్డీ అనే వేరే సిస్టంకి మార్చి, నన్నూ దానికి తగ్గట్టు సర్దారు. కాపీలు దాచే చోటు మార్చారు, ఏ యూజర్ పేరు మీద నడవాలో మార్చారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టు, రెండు రోజులు ఏ పేజీ అడిగినా మొరాయించాను. మూడోనాడు ఒక్క తప్పూ చూపకుండా లేచాను. "హమ్మయ్య, దారికొచ్చింది" అన్నారాయన. తప్పు కనబడకపోతే తప్పు లేదనుకోవడం మనుషులకు అలవాటు.

పేజీని ఎంతసేపు దాచాలన్న చోట ఆయన 3600 అని రాశారు. సెకన్లు అనుకున్నారు, అంటే గంట. నా లెక్క నిమిషాల్లో ఉంటుంది. అంటే రెండున్నర రోజులు. పిల్లలు పేజీని మళ్లీ కొత్తగా తెప్పించే రిఫ్రెష్ ఊరికే నొక్కి లైను తినేస్తున్నారని, ఆ నొక్కుడును పట్టించుకోవద్దని కూడా రాశారు.

సోమవారం పొద్దున షంషాద్ వచ్చింది. డిప్లొమా ముగించి ఇంజినీరింగు సీటు కోసం ఎదురుచూస్తున్న పిల్ల. సీట్లు కేటాయించే వెబ్‌సైటులో తన నంబరు కొడితే "ఇంకా కేటాయించలేదు" అని వచ్చింది. ఆ సాయంత్రమే సీటు ఇచ్చారు. బుధవారం ఐదింటిలోగా వెళ్లి చేరాలి. ఆమె మంగళవారం మూడుసార్లు, బుధవారం రెండుసార్లు వచ్చి చూసింది. ప్రతిసారీ నేను సోమవారం కాపీనే ఇప్పించాను. చెప్పింది చెప్పినట్టు చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే.

గురువారం ఒక స్నేహితురాలు ఊళ్లో నెట్ సెంటర్లో చూసి అసలు సంగతి చెప్పింది. షంషాద్ ల్యాబుకు పరుగెత్తుకొచ్చింది. మాస్టారు నన్ను తెరిచి, వరస వరసా వేలు పెట్టి చదువుతూ ఆ అంకె దగ్గర ఆగిపోయారు. "సర్వర్ డౌన్" అంటే సరిపోయేది. ఆ మాటకు మన దగ్గర ఎదురులేదు. ఆయన అనలేదు.

"తప్పు నాదమ్మా. నేనే తప్పు రాశాను."

ఆ పిల్ల సీటు ఊసెత్తలేదు. "నేను రోజూ చూశాను కదా సార్? మా అబ్బా నమ్మట్లేదు. చూడకుండా తిరిగావంటున్నాడు. ఒక్కసారి వచ్చి చెప్తారా?"

"పదమ్మా" అని ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టారు.

సీటు తిరిగి రాలేదు. ఆ ఏడు అలాగే పోయింది. మాస్టారు వాళ్లింటి నుంచి వచ్చాక అంకె సరిచేశారు. దాని పైన, మెషీన్ చదవకుండా వదిలేసే గుర్తు పెట్టి, ఒక వరస రాశారు: "ఇవి నిమిషాలు. షంషాద్ రోజూ చూసింది."

తర్వాత సర్వర్లు మారాయి, మాస్టారు రిటైరయ్యారు. నన్ను కాపీ చేసుకున్న కొత్తవాళ్లు అక్కర్లేని వరసలన్నీ ఏరి తీసేశారు. షంషాద్ ఎవరో వాళ్లెవరికీ తెలియదు. అయినా ఆ ఒక్క వరస జోలికి ఎవరూ పోలేదు.